ఎలుకల్లో పనిచేసిన మందు పందుల్లో పనిచేయలేదు. ఐదేళ్ల తర్వాత ఈ రంగంలో ఉండాలా, వెళ్లిపోవాలా?

మందారం27

గుండెపోటు వచ్చాక గుండె కండరం చనిపోకుండా కాపాడే ఒక అణువు మీద ఐదేళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్నాను. ఎలుక గుండెలో ధమనిని దారంతో ముప్పావు గంట బిగించి, ముడి విప్పే పది నిమిషాల ముందు మందు ఇస్తే, చచ్చిపోయే కండరం దాదాపు నలభై శాతం తగ్గింది. ఆ ఫలితం వచ్చిన రాత్రి నిద్ర పట్టలేదు. రెండేళ్లు దాని వెంటే తిరిగాను. తర్వాత పందుల దగ్గరికి వెళ్లాం. పంది గుండె పరిమాణంలోనూ ధమనుల అమరికలోనూ మనిషి గుండెకు దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్కడ నిలిస్తేనే ముందుకు దారి. పద్నాలుగు పందులు. ఏడింటికి మందు, ఏడింటికి సెలైన్.

నిన్న ఆఖరి గుండెను ముక్కలుగా కోసి టీటీసీ ద్రావణంలో ముంచాను. బతికున్న కండరం ఎర్రబడుతుంది, చచ్చినది పాలిపోయి ఉంటుంది. రెండు గుంపుల ముక్కలూ పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూసినా తేడా లేదు.

మా గైడ్ "ఎలుకల వరకు పేపర్ రాసి పంపుదాం, పందుల సంగతి తర్వాత చూద్దాం" అంటున్నారు. పందులను పక్కన పెట్టి రాయడం తప్పా? అంతకంటే ముఖ్యంగా, ఈ రంగంలో కొనసాగాలా, ఇక చాలించాలా? ఇంట్లో వాళ్లకు టీటీసీ అంటే ఏమిటో చెప్పి, ఆ తర్వాత ఈ బాధ చెప్పే ఓపిక లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

కవాటం

మొదటిదానికి జవాబు: తప్పే. రెండోదానికి: చాలించండి.

నేను గుండెపోటు రోగులను రోజూ చూసే వైద్యుణ్ణి. కండరాన్ని కాపాడే మందు ఇదిగో వస్తోంది అనే మాట నేను చదువుకునే రోజుల నుంచి వింటున్నాను. ఇప్పటికీ మా చేతిలో ఉన్న అసలు ఆయుధం ఒక్కటే, మూసుకుపోయిన ధమనిని వీలైనంత త్వరగా తెరవడం. రోగిని ధమని తెరిచే బల్ల మీదికి చేర్చే వ్యవధి తగ్గించడానికి పడ్డ శ్రమ ప్రాణాలు నిలబెట్టింది. ఎలుకల మీద పడ్డ శ్రమ ఎక్కువగా పేపర్లనే నిలబెట్టింది. మీ తెలివి మాకు వార్డులో కావాలి.

మూడునెలలగడువు

కవాటం గారూ, ధమనిని తెరిచే పద్ధతి ఆకాశం నుంచి ఊడిపడిందా? ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ అనే వైద్యుడు తన వంటగది బల్ల మీద బెలూన్ కాథెటర్లు, అంటే ధమనిలోకి పంపి కొసన బెలూన్ ఉబ్బించే సన్నటి గొట్టాలు, తయారు చేసుకున్నారు. కుక్కల మీద చేసిన ప్రయోగాలను 1976లో ఒక సమావేశంలో చూపిస్తే చాలామంది పెదవి విరిచారు. మరుసటి ఏడాది సెప్టెంబరు 16న జ్యూరిచ్‌లో మొదటి రోగికి చేశారు. ఆ కుక్కలు లేకపోతే మీ బల్ల లేదు.

కవాటం

ఆ పోలిక కుదరదు. బెలూన్ ఒక పనిముట్టు. గొట్టంలో అడ్డం పడినదాన్ని పక్కకు నెట్టడం కుక్కలో ఎలాగో మనిషిలో కూడా ఇంచుమించు అలాగే. మందు సంగతి వేరు. సైక్లోస్పోరిన్ అనే మందును చూడండి. ధమని తెరిచినప్పుడు కండరానికి జరిగే నష్టాన్ని తగ్గిస్తుందని జంతువుల్లో ఎన్నిసార్లు చూపించారో. 2008లో 58 మంది రోగుల మీద చిన్న ట్రయల్, ఫలితం బాగుంది, అందరం ఆశపడ్డాం, నేను కూడా. 2015లో 970 మంది మీద పెద్ద ట్రయల్ ఫలితం వచ్చింది. ఏ మేలూ లేదు. ఆ మధ్య ఏడేళ్లలో ఎంతమంది పిల్లల పీహెచ్‌డీలు కరిగిపోయాయో ఎవరైనా లెక్కపెట్టారా?

విద్యుల్లత

ఎలుకకు, పందికి తేడా రావడం ఆశ్చర్యం కాదు. ఎలుక గుండె నిమిషానికి 500 నుంచి 600 సార్లు కొట్టుకుంటుంది. కండరాన్ని లాగే మయోసిన్ రకమే వేరు. ఒక్కో స్పందన తర్వాత కణం తిరిగి విశ్రాంతికి వచ్చే విద్యుత్ మార్గాలు కూడా వేరు. అంత చిన్న గుండెలో ముప్పావు గంట, పంది గుండెలో గంట ఒకటి కావు. మందారం గారూ, అణువు చెడ్డదని ఇప్పుడే తేల్చేయకండి.

చేపగుండె

మా జీబ్రా చేపలకు గుండెలో అయిదో వంతు కత్తిరించినా రెండు నెలల్లో తిరిగి పెరుగుతుంది. 2002 నుంచి అందరూ చూస్తున్నదే. మా ట్యాంకులో ఉన్నవాటికి మీ చర్చ వినిపిస్తే, ఈ ఎలుకలకూ పందులకూ ఇంత కష్టమెందుకని జాలిపడతాయి.

మందారం27

చేపగుండె గారూ, రెండు రోజుల్లో మొదటిసారి నవ్వాను. ధన్యవాదాలు.

లెక్కలమనిషి

ఉండాలా పోవాలా అన్నది తర్వాత. కొన్ని ప్రశ్నలకు ముందు జవాబు చెప్పండి. ఏ జంతువుకు మందు, దేనికి సెలైన్ అన్నది చీటీ తీసి నిర్ణయించారా? ముక్కల మీద పాలిపోయిన భాగాన్ని కొలిచిన మనిషికి అది ఏ గుంపుదో తెలుసా? మధ్యలో చనిపోయిన జంతువులను ఏం చేశారు? ఎన్ని జంతువులు కావాలో ముందే లెక్క వేసుకున్నారా, ఫలితం బాగా కనిపించే వరకు కలుపుతూ పోయారా? ఎలుకలకు విడిగా, పందులకు విడిగా చెప్పండి.

మందారం27

పందులకు: చీటీ తీశాం. మందు సిరంజీలు వేరే గదిలో ఎవరో నింపి అంకెలు రాసి పంపారు. ఆఖరి కొలత అయ్యేవరకు ఏ అంకె ఏదో మాకు తెలియదు. జంతువుల కమిటీలో ఉన్న గణాంక నిపుణురాలు పట్టుబట్టి అలా చేయించారు.

ఎలుకలకు: ఒక పంజరంలోని వాటికి మందు, పక్క పంజరంలోని వాటికి సెలైన్. ముక్కల ఫొటోలు తీసింది నేనే. కంప్యూటర్ మీద పాలిపోయిన భాగం చుట్టూ గీత గీసింది నేనే. ఏ గుంపుదో తెలిసే గీశాను. ఇది టైప్ చేస్తుంటే చేతులు చల్లబడుతున్నాయి.

లెక్కలమనిషి

చల్లబడాల్సిన అవసరం లేదు. ఇది మోసం కాదు. ఎరుపుకూ తెలుపుకూ మధ్య గులాబీ రంగు అంచు ఒకటి ఉంటుంది కదా, దాన్ని ఎటు వేయాలో తేలనప్పుడు మనసు ఎటు కోరుకుంటే గీత అటు జరుగుతుంది. నాకైనా అలాగే జరుగుతుంది. అందుకే కళ్లకు గంతలు కడతారు. ఫొటోలు ఉన్నాయా?

మందారం27

ప్రతి ముక్కకూ ఉన్నాయి. రెండు వైపులా.

లెక్కలమనిషి

అయితే మీ దగ్గర నిధి ఉంది. ఆ ఫైళ్ల పేర్లన్నీ మార్చి కలగాపులగం చేయించండి. పేర్ల జాబితా మీ ప్రయోగశాలకు సంబంధం లేని మనిషి దగ్గర పెట్టండి. కొలిచేది మీరు కాకూడదు, మీ గైడ్ కాకూడదు. వచ్చిన అంకె ఏదైనా అదే రాస్తామని ముందే కాగితం మీద రాసుకోండి. అప్పుడు మాట్లాడుకుందాం.

పాతకాపు

అమ్మా మందారం, నేను ముప్పై నాలుగేళ్లు ఈ పనిలో ఉండి విరమించుకున్నవాణ్ణి. నీ రెండో ప్రశ్నకు నాకు తెలిసిన ఒక జీవితం చెబుతాను.

అకీరా ఎండో జపాన్‌లో ఒక మందుల కంపెనీ శాస్త్రవేత్త. శరీరం కొలెస్టరాల్ తయారు చేసుకోకుండా ఆపే పదార్థం ఏదైనా బూజుల్లో దొరుకుతుందేమోనని 1971లో వెతకడం మొదలుపెట్టాడు. రెండేళ్లలో ఆరు వేల దాకా బూజులు చూశాడు. 1973లో ఒక నీలి ఆకుపచ్చ బూజు నుంచి దొరికింది. గాజు గొట్టంలో అద్భుతంగా పనిచేసింది. ఎలుకలకు పెడితే కొలెస్టరాల్ దిగలేదు. అంతటితో ఆ కథ అయిపోవాల్సింది. ఆయన వదలకుండా, తోటి శాస్త్రవేత్త ఒకరి దగ్గరున్న గుడ్లు పెట్టే కోళ్లకు పెట్టించాడు. దిగింది. కుక్కల్లోనూ దిగింది. ఎలుక కాలేయం ఆ మందుకు ఎదురుగా ఆ ఎంజైమునే మరింత ఎక్కువగా తయారు చేసుకుని లెక్క సరిచేస్తుందని తర్వాత తెలిసింది. ఇంత చేశాక 1980లో కుక్కల్లో విషప్రభావం అనుమానంతో కంపెనీ ఆపేసింది. అప్పటికే ఎండో కంపెనీ వదిలి విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయాడు. స్టాటిన్లు అనే ఆ కుటుంబంలో మొదటి మందు 1987లో అమెరికాలో అనుమతి పొందింది, అది వేరే కంపెనీది. ఇవాళ ఎందరో గుండె రోగులు స్టాటిన్ వేసుకుంటున్నారు. ఎండో 2024లో తొంభయ్యో ఏట కన్నుమూశాడు.

ఒక జంతువు కాదన్నంత మాత్రాన అణువును పారేయకు.

అణువులవేట

పాతకాపు గారూ, మీరంటే గౌరవం. కానీ ఇలాంటి కథలు పిల్లలను దారి తప్పిస్తాయని నా భయం. జంతువులన్నిట్లో బాగుండి మనుషుల్లో ప్రాణం తీసినవి ఎన్ని లేవు? టోర్సెట్రాపిబ్ అనే మందు మంచి కొలెస్టరాల్‌ను డెబ్బై శాతం పెంచింది. అంకె చూసి అందరూ చప్పట్లు కొట్టారు. దాదాపు పదిహేను వేల మంది మీద ట్రయల్ జరుగుతుండగా మందు వేసుకున్నవాళ్లలో మరణాలు ఎక్కువయ్యాయని 2006 డిసెంబరులో ఆపేశారు. మనుషుల మీద పరీక్షకు వెళ్లిన ప్రతి పది మందుల్లో తొమ్మిది మధ్యలోనే రాలిపోతాయి. ఎండోది పదోది.

విద్యుల్లత

దీనికి మా రంగంలో ఇంకా చేదు ఉదాహరణ ఉంది. గుండెపోటు తర్వాత అదనపు స్పందనలు ఎక్కువగా ఉన్నవాళ్లు త్వరగా చనిపోతారు. కాబట్టి ఆ స్పందనలను అణిచే మందు ప్రాణం నిలుపుతుంది అనుకున్నారు. ఎవరికైనా సబబుగానే తోస్తుంది. డాక్టర్లు రాశారు, రోగులు మింగారు. కాస్ట్ అనే ట్రయల్ పెట్టి నిజంగా చూస్తే, ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే ఆ మందులు వేసుకున్నవాళ్లు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే ఎక్కువ మంది చనిపోయారు. 1989లో బయటపడింది. ఈసీజీ మాత్రం చక్కగా ఉంది. నేను ఈ రంగంలోకి వచ్చిందే ఆ పేపర్ చదివి. మంచి ఉద్దేశంతో ఇంత పొరపాటు ఎలా జరిగిందో తెలుసుకోవాలనిపించింది.

స్టెంటుపడినవాడు

నేను శాస్త్రవేత్తను కాదు. గుండెపోటు వచ్చి బయటపడ్డాక ఇలాంటి చర్చలు చదవడం అలవాటైంది.

ఆ రాత్రి నన్ను బల్ల మీద పడుకోబెట్టినప్పుడు ఒక యువ డాక్టరు వంగి, ఒక మందు మీద పరిశోధన జరుగుతోంది, అందులో చేరతారా అని అడిగాడు. జంతువుల్లో బాగా పనిచేసింది అన్నాడు. నొప్పితో సగం మాటలే వినిపించాయి. సంతకం పెట్టాను. నాకు మందు ఇచ్చారో ఉప్పునీళ్లు ఇచ్చారో ఇప్పటికీ తెలియదు, దాని గురించి నాకు బాధ కూడా లేదు.

కానీ ఇవాళ మందారం గారు రాసింది చదివాక ఒక ప్రశ్న వదలడం లేదు. "జంతువుల్లో బాగా పనిచేసింది" అన్న మాట వెనక ఎక్కడైనా పద్నాలుగు పందులు దాచి ఉంటే? ఆ మాట నమ్మి నేను సంతకం పెట్టాను. నన్ను నమ్మి మా ఆవిడ పెట్టింది.

మందారం27

మీ పోస్టు మూడుసార్లు చదివాను. మొదటి ప్రశ్నకు ఇక జవాబు అక్కర్లేదు. పందులు పేపర్‌లో ఉంటాయి.

మూడునెలలగడువు

ఉండాలి, సరే. కానీ దానికి వెల ఎవరు కడతారో కూడా మాట్లాడండి. నేను పీహెచ్‌డీ ముగించి ఎనిమిదేళ్లయింది. మూడు చోట్లకు మారాను. ప్రతిసారీ ఒప్పందం ఏడాదికో, రెండేళ్లకో. చివరి మూడు నెలలు వచ్చేసరికి ప్రయోగం చేస్తూనే ఉద్యోగాల దరఖాస్తులు నింపాలి, నా పేరులోనే ఉంది. ఇంటర్వ్యూలో "మీ ముఖ్యమైన ఆవిష్కరణ ఏమిటి" అని అడుగుతారు. "ఫలానా మందు పనిచేయదని నిరూపించాను" అంటే గది నిశ్శబ్దమైపోతుంది. నేను ఆ నిశ్శబ్దంలో కూర్చున్నాను. ఇల్లు మారినప్పుడల్లా బడి మారిన నా కూతురు కూడా ఆ వెల కట్టింది. ఈ అమ్మాయికి నీతి చెప్పేవాళ్లలో ఎంతమందికి శాశ్వత ఉద్యోగం ఉంది?

లెక్కలమనిషి

నాకు ఉంది. మీరు అన్నది న్యాయమే. అయినా ఒక లెక్క చూడండి. అమెరికాలో జాతీయ గుండె, ఊపిరితిత్తులు, రక్త సంస్థ డబ్బుతో జరిగిన పెద్ద ట్రయళ్లను తీసుకున్నారు. గుండె జబ్బుల మందుల మీద, ఆహారానికి అదనంగా వేసుకునే పోషకాల మీద చేసినవి. 2000కు ముందు వచ్చిన 30లో 17 మేలు చూపించాయి. ఏం కొలుస్తామో ముందే నమోదు చేయాలన్న నియమం ఆ కాలంలోనే వచ్చింది. ఆ తర్వాతి 25లో మేలు చూపించినవి 2. మందులు రాత్రికి రాత్రి చెడిపోలేదు. ఫలితం చూశాక కొలబద్ద మార్చుకునే వీలు పోయింది. ఇది తెలిసిన వాళ్లు ఇంటర్వ్యూ గదుల్లో పెరుగుతున్నారు, నేను కూర్చునే గదుల్లోనైనా.

కొత్తమొలక

నేను డిగ్రీ రెండో ఏడాది. చర్చ ఎక్కడికో వెళ్లిందని తెలుసు, అయినా అడుగుతున్నాను. గుండె జబ్బులకు చికిత్సలు కనిపెట్టే పని చేయాలంటే వైద్యం చదవాలా, జీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేయాలా? ఇంత చదివాక కూడా చేయాలనే ఉంది.

కవాటం

వైద్యం. రోగిని చూడనివాడు రోగి ప్రశ్న అడగలేడు.

సూదీదారం

కవాటం గారి మాట సగమే నిజం. నేను పద్దెనిమిదేళ్లుగా జంతువుల శస్త్రచికిత్స గదిలో సాంకేతిక సహాయకుణ్ణి. నాకు ఆ రెండు చదువులూ లేవు. మందారం గారు బిగించిన ముడి లాంటివి వేల సంఖ్యలో బిగించాను.

వివియన్ థామస్ పేరు విన్నారా? వడ్రంగి పని చేసిన నల్లజాతి యువకుడు. వైద్యం చదవాలని దాచుకున్న డబ్బు ఆర్థిక మాంద్యంలో బ్యాంకుతో పాటు పోయింది. ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ అనే సర్జన్ ప్రయోగశాలలో పనికి చేరాడు. పుట్టుకతో గుండె లోపం వల్ల నీలిబారిపోయే పసిపిల్లలకు దారి ఏమిటని పిల్లల గుండె వైద్యురాలు హెలెన్ టాసిగ్ అడిగినప్పుడు, ఆ శస్త్రచికిత్సను కుక్కల మీద చేసి చేసి సాధ్యమని చూపించింది థామసే. 1944 నవంబరు 29న జాన్స్ హాప్‌కిన్స్‌లో మొదటి బిడ్డకు చేస్తున్నప్పుడు బ్లాలాక్ వెనక స్టూలు మీద నిలబడి ఒక్కో కుట్టూ ఎలా వేయాలో చెప్పాడు. పద్ధతికి బ్లాలాక్, టాసిగ్‌ల పేర్లు పెట్టారు. విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది 1976లో. టాసిగ్ గారికి వినికిడి తక్కువ. పిల్లల ఛాతీ మీద వేళ్లు ఆనించి గుండె చప్పుడు తెలుసుకునేవారు.

కొత్తమొలక గారూ, ఏ చదువైనా చదవండి. చేతులతో పని నేర్చుకోండి.

రెండుపడవలు

నేను వైద్యం, పరిశోధన రెండూ చేస్తున్నాను. కొత్తమొలకకు పనికొచ్చే మాటలు చెబుతాను. వైద్యం వైపు నుంచి వస్తే రోగుల దగ్గరికి దారి సులువు, ఏ ప్రశ్న ముఖ్యమో త్వరగా తెలుస్తుంది. కానీ ప్రయోగశాల పని ఆలస్యంగా మొదలవుతుంది, రాత్రి డ్యూటీ చేసి వచ్చి కణాలకు ఆహారం మార్చాలి. పీహెచ్‌డీ వైపు నుంచి వస్తే కణం లోపల ఏం జరుగుతోందో లోతుగా తెలుస్తుంది, కానీ ఉద్యోగ భద్రత మూడునెలలగడువు గారు చెప్పినట్టే. మందుల కంపెనీలకు ఇద్దరూ కావాలి. గణాంకాలు బాగా తెలిసినవాళ్లు, చిత్రాలు చదివేవాళ్లు, ఇంజినీర్లు కూడా ఈ రంగంలోకి వస్తున్నారు. ఏ దారి పట్టినా చదువులు, శిక్షణ కలిపి పదేళ్లు దాటుతుందని ముందే తెలుసుకోండి.

కవాటం గారికి ఒక్క మాట. గుండె బలహీనపడిన రోగికి మీరు బీటా బ్లాకర్, అంటే గుండె వేగాన్ని తగ్గించే మందు, రాస్తారా?

కవాటం

రోజూ రాస్తాను.

రెండుపడవలు

1975లో ఫిన్ వాగ్‌స్టీన్, ఆయన సహచరులు స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో కొద్దిమంది రోగులకు అదే ఇచ్చి, కోలుకుంటున్నారని రాశారు. అప్పటికి పుస్తకాల్లో ఏముంది? బలహీనమైన గుండెకు బీటా బ్లాకర్ ఇవ్వకూడదు, ఇస్తే ఇంకా నీరసిస్తుంది అని. ఎవరూ నమ్మలేదు. ప్రాణం నిలుపుతుందని పెద్ద ట్రయళ్లు గట్టిగా తేల్చింది 1999 నాటికి. ఇరవై నాలుగేళ్లు. ఆ మధ్యలో ఎవరో ఒకరు మందారం గారి వయసులో ఉండి, ఉండాలా పోవాలా అని అడిగే ఉంటారు. మీరు ఇచ్చిన సలహా వాళ్లు పాటించి ఉంటే ఇవాళ మీ కలం ఆ మందు రాయదు.

కవాటం

దీనికి నా దగ్గర ఎదురు జవాబు లేదు. "చాలించండి" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది కోపంలో అన్నది. ఆ కోపం ఎందుకో చెప్పాలి. పోయిన వారం నలభై రెండేళ్ల మనిషిని సమయానికే తెచ్చారు, ధమని చక్కగా తెరిచాం, అయినా కండరం సగం పోయింది. ధమని తెరుచుకున్నా లోపల సన్నటి నాళాల్లోకి రక్తం వెళ్లలేదు. ఆయన భార్యకు ఏం చెప్పాలో తెలియలేదు. మందారం గారూ, మీ మందు లాంటిది ఒకటి ఆ రోజు నాకు కావాలి. పనిచేసేది కావాలి.

పాతకాపు

కవాటం గారూ, మీరు ఇది మొదటే రాసి ఉంటే చర్చ సగం నిడివి అయ్యేది.

కండరాన్ని కాపాడవచ్చు అన్నది మాత్రం కల కాదు. 1986లో ముర్రీ, జెన్నింగ్స్, రైమర్ అనే పరిశోధకులు కుక్కల్లో ధమనిని అయిదు నిమిషాల చొప్పున నాలుగుసార్లు మూసి తెరిచి, ఆ తర్వాత నలభై నిమిషాలు మూశారు. ముందు ఆ చిన్న దెబ్బలు తిన్న గుండెల్లో చచ్చిన భాగం మామూలు గుండెలతో పోలిస్తే నాలుగో వంతు మాత్రమే. తర్వాత సీజర్ అనే బృందం ఎలుకలు, కుందేళ్లు, పందులు మూడింట్లోనూ, గంతలు కట్టుకుని, వేర్వేరు ప్రయోగశాలల్లో చూస్తే అదే మేలు కనిపించింది. కాబట్టి గుండెకు ఆ విద్య తెలుసు. దాన్ని మందుగా మార్చడం మనకు చేతకాలేదు. గుండెపోటు రాబోతోందని ముందే చెప్పి రాదు కదా.

చేపగుండె

ఈసారి నవ్వించడానికి కాదు. మనిషి గుండె కండరం ఎంత మెల్లగా కొత్తబడుతుందో కొలిచింది ఎలాగో తెలుసా? అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కలిసిన కార్బన్ 14 మన కణాల డీఎన్‌ఏలో పుట్టిన కాలాన్ని అచ్చు వేసింది. దాన్ని చదివి 2009లో చెప్పారు: ఇరవై అయిదేళ్ల వయసులో ఏడాదికి సుమారు ఒక శాతం, డెబ్బై అయిదులో అర శాతం కూడా లేదు. అంటే పోయిన కండరం పోయినట్టే. అందుకే మీ పని ముఖ్యం మందారం గారూ. తిరిగి పెంచడం నేర్పేవరకు ఉన్నదాన్ని కాపాడాల్సింది మీరే.

అణువులవేట

నేను పైన కఠినంగా రాశాను. కారణం ఉంది. ఒక ప్రయోగశాల పేపర్ నమ్మి మా బృందం ఎనిమిది నెలలు ఒక అణువు వెంట పడింది. తర్వాత ఒక సమావేశంలో, టీ తాగుతూ, ఆ ప్రయోగశాల విద్యార్థి అన్నాడు: "పెద్ద జంతువుల్లో రాలేదండీ, అది వేయలేదు." ఆ ఎనిమిది నెలల్లో ఇంకో రోగానికి పనికొచ్చే పని చేసి ఉండేవాళ్లం. మీరు పందులను వేస్తే మాలాంటి వాళ్లు ఎందరో మీకు తెలియకుండానే మీకు రుణపడతారు.

మందారం27

మూడు వారాలు ఇటు రాలేదు. జరిగింది చెబుతాను.

లెక్కలమనిషి గారు చెప్పినట్టే చేశాను. పక్క విభాగంలో మొక్కల మీద పనిచేసే ఒక స్నేహితురాలు ఎలుకల ఫొటోలన్నిటికీ పేర్లు మార్చి జాబితా తన దగ్గర పెట్టుకుంది. గుండె గురించి ఏమీ తెలియని ఇద్దరు విద్యార్థులకు ఎరుపు, తెలుపు అంచు గుర్తుపట్టడం నేర్పించి విడివిడిగా కొలిపించాం. జాబితా తెరిచిన రోజు గైడ్ గారిని కూడా పిలిచాను.

నలభై శాతం కాస్తా పద్దెనిమిది అయింది. పూర్తిగా పోలేదు. కానీ జంతువుల సంఖ్యకు అది గట్టిగా చెప్పదగ్గ తేడా కాదు.

గైడ్ గారు చాలాసేపు మాట్లాడలేదు. నాకు భయమేసింది. తర్వాత ఆయన చిన్నప్పటి సంగతి చెప్పినట్టు నెమ్మదిగా, తన పీహెచ్‌డీలో కూడా గీతలు తానే గీశానని, ఎవరూ అడగలేదని అన్నారు. ఎలుకల పాత కొలత, కొత్త కొలత, పందులు మూడూ ఒకే పేపర్‌లో వెళ్తున్నాయి. పెద్ద జర్నల్‌కు కాదు. ముందుగా అనుకున్న చోటికి పంపే ఆశ వదిలేశాం, ఆ రోజు ఇంటికెళ్లి ఏడ్చాను.

మూడునెలలగడువు

ఏడవండి. నేనైతే ఆ గదిలోనే ఏడ్చేవాణ్ణి. పేపర్ వచ్చాక లింకు ఇక్కడ పెట్టండి, నా దరఖాస్తులో నా పేపర్ల కంటే ముందు మీది చూపిస్తాను.

లెక్కలమనిషి

పద్దెనిమిది. ఈ అంకెను నేను నమ్ముతాను. నలభైని నమ్మలేదు.

స్టెంటుపడినవాడు

అమ్మా, మీ పందుల గురించి రేపెవరైనా సంతకం అడిగేముందు చదువుతారు. నాకు అది చాలు.

కొత్తమొలక

ఉంటున్నారా మరి? వెళ్లిపోతున్నారా?

మందారం27

ఇంకా తేల్చుకోలేదు. ఒక కంపెనీలో ట్రయళ్ల రూపకల్పన బృందానికి దరఖాస్తు పెట్టాను. ఒక పోస్ట్‌డాక్‌కు, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగానికి, కూడా పెట్టాను. థీసిస్ మాత్రం ముగిస్తాను.

సూదీదారం

ఒక్క విషయం. పందులకు మందు ఎలా ఇచ్చారు? చెవి సిరలోనా, నేరుగా గుండె ధమనిలోకా? ఎంత సేపటి ముందు?

మందారం27

చెవి సిరలో. ఎలుకల్లో ఇచ్చినట్టే ధమని తెరిచే పది నిమిషాల ముందు, బరువును బట్టి అదే మోతాదు.

సూదీదారం

ఎలుకలో రక్తం ఒంటి చుట్టూ తిరిగి రావడానికి కొన్ని సెకన్లు. నలభై కిలోల పందిలో అలా కాదు. పైగా జంతువు పెద్దదయ్యేకొద్దీ మందు విరిగే వేగం కూడా మారుతుంది. ధమని తెరిచే క్షణానికి రక్తంలో ఎంత మందు ఉందో కొలిచారా? లేకపోతే పందుల్లో మందు పనిచేయలేదో, అసలు అక్కడికి చేరలేదో మీకు తెలియదు.

మందారం27

కొలవలేదు. కానీ ప్రతి పంది నుంచీ ధమని తెరవడానికి ముందు ఒకటి, తర్వాత రెండు చొప్పున రక్తం తీసి పెట్టాను. ప్లాస్మా అంతా మైనస్ 80 ఫ్రీజర్‌లో ఉంది, ఏ పెట్టెలో ఏముందో నోటుపుస్తకంలో రాసి ఉంది. రక్తంలో మందు ఎంతుందో కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ సోమవారం ఖాళీ. పేర్లు మార్చిన గొట్టాలే ఇస్తాను, ఈసారి మొదటి నుంచే.